దేవుడు ఉన్నాడా లేడా: ఎంతవరకు ఖాయంగా చెప్పొచ్చు, ఏ మాట మీద నిలబడొచ్చు

ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నది మధ్య లంకల్లో ఉండేవాళ్లకు ఈ మూడు అంకెలూ కంఠతా వచ్చు. మొదటిదానికే పశువులను గట్టు మీదికి తోలుకొస్తారు, రెండోదానికి ముసలివాళ్లనీ పిల్లల్నీ పడవెక్కిస్తారు. ఇంట్లోకి నీళ్లు రావడం నూటికి నూరుపాళ్లూ ఖాయమైతేగానీ కదలనని ఎవరూ మొండికేయరు. తెలిసినంతలో ఎంత తెలిసిందో చూసుకుని, దాన్నిబట్టి అడుగేస్తారు.

అదే మనిషిని దేవుడి గురించి అడిగితే కొలబద్ద మీద రెండే గీతలు చూపిస్తాడు. ఉన్నాడు, లేదా లేడు. మధ్యలో ఉండాల్సిన గీతలు చెరిగిపోయాయి. ఆ గీతలు మళ్లీ వేసుకుని, ఏ గీత దగ్గర నిలబడితే ఏ లాభం, ఏ చిక్కు వస్తాయో చూద్దాం.

మొట్టమొదట విడదీయాల్సినవి రెండు ప్రశ్నలు. నమ్ముతున్నారా అన్నది ఒకటి, మీకు తెలుసా అన్నది ఇంకొకటి. ఈ రెండింటినీ కలిపితే నాలుగు చోట్లు ఏర్పడతాయి. ఉన్నాడు, నాకు తెలుసు. ఉన్నాడని నమ్ముతాను గానీ తెలుసని అనను. నమ్మను, అలాగని లేడని తెలుసనీ అనను. లేడు, నాకు తెలుసు. మన డెల్టాలో గుడికో చర్చికో మసీదుకో వెళ్లేవాళ్లలో ఎక్కువమంది రెండో చోట ఉండి మొదటి చోట ఉన్నట్టు మాట్లాడతారు. నాస్తికుల్లో చాలామంది మూడో చోట ఉండి నాలుగో చోటి గొంతు వాడతారు. రచ్చబండ దగ్గర తగువులు సగం ఈ గొంతు వల్లే. నాస్తికుడిగా లోకమంతా పేరున్న రిచర్డ్ డాకిన్స్ 2006లో ఒకటి నుంచి ఏడు దాకా మెట్లు వేసి, ఏడోదాన్ని "లేడని తెలుసు"కి కేటాయించి, తనను తాను ఆరో మెట్టు మీద పెట్టుకున్నాడు. ఆయనే ఎక్కని మెట్టు మనం ఎక్కాలంటే కాస్త ఆలోచించుకోవాలి.

ఏ దేవుడి గురించి అడుగుతున్నారు?

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. పుష్కరాలనే తీసుకోండి. గురుడు సింహరాశిలోకి వచ్చినప్పుడు గోదావరికి పుష్కరాలు. 2015 జూలై 14న మొదలయ్యాయి, మళ్లీ 2027లో వస్తాయి. ఇందులో మూడు మాటలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. గురుడు ఫలానా రోజున ఆ రాశిలోకి వచ్చాడన్నది మొదటిది. పంచాంగం లెక్క తెలిసినవాడెవడైనా సరిచూడగలడు. ఆ గ్రహం సూర్యుణ్ణి చుట్టిరావడానికి 11.86 ఏళ్లు పడుతుంది, అందుకే పన్నెండేళ్ల లెక్క. పుష్కరాలు జరిగే పన్నెండు రోజులూ పుష్కరుడనే దేవత నీళ్లలో ఉంటాడన్నది రెండోది. దీన్ని సరిచూడ్డానికి పరికరం లేదు. ఆ నీళ్లలో మునిగితే రోగాలు దరిచేరవన్నది మూడోది. దీనికి పరికరం ఉంది, శుభ్రమైన సీసాలో నీళ్లు పట్టి ప్రయోగశాలకు పంపితే చాలు.

మొదటి మాట నిజమైందని ఆ ధీమాను రెండోదాని మీదికి జార్చేవాడు ఆస్తికుడిలో ఉంటాడు. మూడో మాట అబద్ధమని తేలగానే రెండోది కూడా తేలిపోయిందనుకునేవాడు నాస్తికుడిలో ఉంటాడు. ఇద్దరూ చేసేది ఒకే తప్పు.

దేవుడన్న మాటకు కూడా ఇలాగే రకాలున్నాయి. లోకాన్ని పుట్టించి పక్కకు తప్పుకున్నవాడు ఒకడు. మొక్కు విని, వాన ఆపి, జబ్బు నయం చేసేవాడు ఒకడు. గుణాలేవీ లేని పరబ్రహ్మం ఒకటి. ఊరిని కాచే గ్రామదేవత ఒకటి. మొదటిదాని మీద, మూడోదాని మీద ఏ వైపు నుంచీ పూర్తి నిశ్చయం రాదు. రెండో రకం అలా కాదు. పనులు చేస్తాడని చెప్పారు కాబట్టి పనులు చూడొచ్చు. గ్రామదేవత సంగతి ఈ రెంటికీ మధ్యస్థం, ఎవరు ఏమి ఆశించి జాతర చేస్తున్నారన్నదాన్ని బట్టి మారుతుంది.

ఉన్నాడని తర్కంతో తేల్చవచ్చా?

మన శాస్త్రాల్లో ఈ ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న వస్తుంది: ఏ ప్రమాణం ఒప్పుకుంటావు? ప్రమాణం అంటే ఒక విషయాన్ని తెలుసుకునే దారి. పరలోకాన్ని ఒప్పుకోని చార్వాకులు ప్రత్యక్షం, అంటే ఇంద్రియాలకు తెలిసేది, ఒక్కటే అన్నారు. బౌద్ధులు అనుమానం (సందేహం కాదు, పొగను చూసి నిప్పును ఊహించడంలాంటిది) కలిపి రెండన్నారు, సాంఖ్యులు శబ్దం (నమ్మదగినవారి మాట, శాస్త్రం) కలిపి మూడు, న్యాయశాస్త్రం చదివే నైయాయికులు ఉపమానం (పోలిక) చేర్చి నాలుగు. వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకుల్లో కుమారిల భట్టు దారి పట్టిన భాట్టులు, అద్వైతులు ఆరు దాకా వెళ్లారు. ఎదుటివాడు ఒప్పుకునే ప్రమాణం ఏదో తెలుసుకోకుండా వాదనకు దిగితే గంటసేపు గొంతు చించుకున్నా ఒక్క మాటా అతికించలేరు.

తర్కంతో ఈశ్వరుణ్ణి నిలబెట్టడానికి అందరికంటే గట్టిగా పూనుకున్నది న్యాయశాస్త్రం, అంటే నైయాయికుల తర్కశాస్త్రం. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం చదివినవాళ్లకు అనుమానం నడిచే ఐదు మెట్లూ తెలుసు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. ఈశ్వరుడి మీద దాన్ని నడిపిస్తే ఇలా ఉంటుంది. నేల, మొలక వంటివి ఒక కర్త చేసినవి. ఎందుకంటే అవి పుట్టినవి. పుట్టినవాటికి కర్త ఉంటాడు, కుండకు కుమ్మరిలాగ. నేల, మొలక కూడా అలా పుట్టినవే. కాబట్టి వాటికీ కర్త ఉన్నాడు.

చూడ్డానికి నిండుకుండలా ఉంది. ఎక్కడ కారుతుందో చూడాలంటే ఉపాధి, అంటే చాటున ఉన్న అసలు షరతు, అనే పనిముట్టు కావాలి. "నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుంది" అనండి. పొయ్యి ముందు కూర్చున్నవాళ్లకు నిజమేననిపిస్తుంది. కానీ కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన కడ్డీలో నిప్పుంది, పొగ లేదు. పొగకు అసలు కారణం నిప్పు ఒక్కటే కాదు, పచ్చి కట్టె. కొబ్బరి కమ్మ తడిగా ఉంటే వంటిల్లంతా పొగ, ఎండిందైతే భగ్గున మండి ఊరుకుంటుంది. ఆ తడి ఇక్కడ ఉపాధి. హేతువు చాటున నక్కి అసలు పని చేసేది అదే.

ఇప్పుడు కుండ దగ్గరకు రండి. మనం కళ్లారా చూసిన ప్రతి కర్తకూ చేతులున్నాయి, ఒళ్లుంది. కుమ్మరి, సాలె, వడ్రంగి, ఎవరైనా సరే. కాబట్టి కర్త ఉండడానికి అసలు షరతు "శరీరం ఉన్నవాడు చేయడం" కావచ్చు. నారుమడిలో వరి మొలకకు ఆ షరతు కనపడదు. 7వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఇంకా సూటిగా పొడిచాడు. కుండ మట్టితో అయింది, కుమ్మరి చేశాడు. పుట్ట కూడా మట్టితోనే అయింది, మరి దాన్నీ కుమ్మరే చేశాడా? నాగులచవితికి పుట్టలో పాలు పోసేవాళ్లెవరూ దాన్ని సారె మీద తిప్పి చేశారనుకోరు. మట్టి అన్న పోలిక ఒక్కటీ కర్తను తెచ్చిపెట్టలేదని ఆయన మాట.

నైయాయికుల జవాబు కూడా తేలికైనది కాదు. "శరీరం" అన్న విశేషణం అక్కడ అనవసరంగా తగిలించారనీ, కార్యానికి కర్త కావాలన్న నియమానికి అది తప్పనిసరి అని ఎవరూ చూపలేదనీ అంటారు. వెంటనే కుమారిల భట్టు అడ్డుపడతాడు. శరీరం లేనివాడికి ఇచ్ఛ ఎలా, ఉంటే ఆ శరీరాన్ని ఎవరు చేశారు? కుమారిలుడు వేదానికి ప్రాణమిచ్చే మీమాంసకుడని మరిచిపోకండి. స్వరం తప్పకుండా వేదం చెప్పడాన్ని జీవితంగా పెట్టుకున్న సంప్రదాయానికి శాస్త్రం సమకూర్చినవాడే లోకానికి సృష్టికర్త అక్కర్లేదన్నాడు. వేదం ఒప్పుకోవడం, ఈశ్వరుణ్ణి ఒప్పుకోవడం ఒకటే అనుకునేవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి.

రామానుజాచార్యులు కూడా ఈ అనుమానం చెల్లదన్నారు, భక్తిలో ఆయన్ని మించినవారు లేరు కదా. ఈశ్వరుడు శాస్త్రం వల్లనే తెలియాలి తప్ప తర్కం వల్ల కాదని ఆయన నిర్ణయం. శంకరుల మాట కూడా దాదాపు అదే. మా అంచనాలో న్యాయశాస్త్రం ఇచ్చేది "ఉండే అవకాశం ఉంది" అన్నంతవరకే. శబ్దం మీద నిలబడితే ధీమా ఎక్కువే, కానీ ఇంకో చిక్కు వస్తుంది. ఒకే ఊళ్లో వేదం ఉంది, బైబిలు ఉంది, ఖురాను ఉంది. మూడూ తమ మాటకు తామే ప్రమాణం అంటాయి. మీ గ్రంథానికి ఏ కారణం చూపి తలూపారో, అదే కారణం పక్కింటివాడు తన గ్రంథానికి చూపితే ఏమంటారు? దీనికి జవాబు సిద్ధం చేసుకోకుండా మొదటి చోట నిలబడకండి.

లేడని తేల్చవచ్చా?

"కనపడలేదు కాబట్టి లేడు" అన్నది నాస్తికుల దగ్గర అన్నిటికంటే పలచటి వాదన. దీన్ని మన శాస్త్రమే ముందుగా చక్కదిద్దింది. యోగ్యానుపలబ్ధి అంటారు. ఉంటే కనపడి తీరాల్సిన వస్తువు కనపడకపోతేనే, అది లేదని తెలిసినట్టు.

పశువుల పాకలోకి లాంతరు పట్టుకెళ్లి చూశారు, గేదె లేదు. ఖాయం. ఉంటే కనపడకుండా ఉండదు. జూలైలో ఎర్రనీరు పారుతున్న పంటకాలవ గట్టున నిలబడి, కొర్రమేను కనపడలేదు కాబట్టి ఈ కాలవలో లేదన్నారు. ఆ మాట చెల్లదు. వేసవిలో కాలవలు కట్టేశాక అడుగు బయటపడుతుంది, అప్పుడంటే కాస్త విలువ ఉంటుంది. అప్పుడు కూడా అది బురదలో దూరి బతికే ఉండొచ్చని చేపలు పట్టేవాళ్లు చెబుతారు.

కాబట్టి లేడనేవాడు ముందు చూపాల్సింది, ఈ దేవుడు ఉంటే కనపడి తీరాలి అని. నిర్గుణ బ్రహ్మం విషయంలో అది చూపలేరు. సర్వశక్తిమంతుడు, సర్వజ్ఞుడు, దయామయుడు అని మూడు గుణాలూ ఒకేసారి కట్టబెట్టిన దేవుడి విషయంలో మాత్రం చూపవచ్చు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడిన తుఫానే అక్కడ సాక్ష్యం. ఒక్క రాత్రిలో కొబ్బరిచెట్లు కూకటివేళ్లతో లేచిపోయాయి, వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఆపగలిగి, తెలిసి, దయ ఉండి ఆపలేదంటే ఆ మూడింట్లో ఒకటి వదులుకోవాలి, లేదా కర్మ అనాలి. వేదాంతానికి మూలమైన బ్రహ్మసూత్రాలు రెండో దారి పట్టాయి. జీవుల కర్మను బట్టి ఇస్తాడు కాబట్టి ఈశ్వరుడికి పక్షపాతం గానీ క్రూరత్వం గానీ అంటవంటాయి. తర్కానికి అది జవాబే. ధర మాత్రం ఎక్కువ. పసిబిడ్డను పోగొట్టుకున్న ఇంటికెళ్లి, ఇది మీ బిడ్డ పాతలెక్క అని చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ జవాబు మీరు నిజంగా ఒప్పుకున్నట్టు కాదు.

అయితే ఈ వాదన గెలిచినా ఓడేది ఆ మూడు గుణాల దేవుడే. రెండు గుణాల దేవుడు అలాగే మిగిలి ఉంటాడు. దీంతో ఏకంగా నాలుగో చోటికి దూకడం తొందరపాటు.

తెలియదనడం రెండు రకాలు

"ఇప్పటికి నాకు తెలియదు" ఒకటి. "ఎప్పటికీ ఎవరికీ తెలియదు" ఇంకొకటి. రెండోది వినయంలా వినపడుతుంది గానీ అది పెద్ద దావా. మనుషులందరి బుద్ధికీ హద్దు ఎక్కడుందో తనకు తెలుసంటున్నాడు. థామస్ హక్స్‌లీ 1869లో అజ్ఞేయవాదానికి ఇంగ్లీషు పేరు పెట్టాడు. ఆలోచన అంతకు వేల ఏళ్ల ముందుది. ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తం, సృష్టి ఎలా అయిందో పైనున్న అధ్యక్షుడికి తెలుసేమో, లేక ఆయనకూ తెలియదేమో అని ముగుస్తుంది. బుద్ధుడు లోకం శాశ్వతమా, అంతం ఉందా వంటి ప్రశ్నలకు జవాబివ్వకుండా పక్కన పెట్టాడు, దుఃఖం తగ్గించే పనికి అవి అడ్డమని. మామిడికుదురు దగ్గర ఆదుర్రు స్తూపం చూసినవాళ్లకు ఆ మాట మన గడ్డ మీద కూడా నడిచిందని వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పటికి తెలియదు అనే చోటికి ఉన్న చిక్కు ఒకటే, బద్ధకం. ఏది చూస్తే మనసు మార్చుకుంటారో అడగండి. జవాబు లేకపోతే అది తెలియకపోవడం కాదు, పట్టించుకోకపోవడం. అదీ తప్పేం కాదు, పేరు సరిగ్గా పెట్టుకుంటే చాలు.

నాకు కనిపించాడు అనేవాళ్లు

జాతరలో పూనకం వచ్చిన ఆవిడకు, ఉపవాస ప్రార్థనలో మాట వినపడిన విశ్వాసికి ఉండే నిశ్చయం అబద్ధం కాదు. వాళ్లకు అలా అనిపించడం నిజం. కానీ నిశ్చయంగా అనిపించడం వేరు, నిశ్చయం కావడం వేరు. మసకచీకట్లో తాడును పాముగా చూసినవాడి గుండె కూడా అంతే కొట్టుకుంటుంది. అనుభవం ఆ మనిషికి సాక్ష్యం కావచ్చు, పక్కవాడి చేతికి అందించడం కుదరదు. ఇక్కడ ఇంతకన్నా సాగదీయడానికి లేదు.

పనులు చేసే దేవుణ్ణి ఎలా పరీక్షించాలి

మొక్కు ఫలించిందా అని చూడ్డానికి కాగితం మీద నాలుగు గళ్లు గీయండి. అయినవిల్లి విఘ్నేశ్వరుడి దగ్గర పూజించిన పెన్నులు పరీక్షల ముందు పిల్లలకు పంచుతారు. పెన్ను తీసుకుని పాసైనవాళ్లు, తీసుకుని తప్పినవాళ్లు, తీసుకోకుండా పాసైనవాళ్లు, తీసుకోకుండా తప్పినవాళ్లు. నూరుమందిలో తొంభైమంది పాసయ్యారనుకోండి, ఆ అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. తీసుకోని నూరుమందిలో కూడా తొంభై అయితే పెన్ను వల్ల తేడా రాలేదు. చాలామంది మొదటి గడి ఒక్కటే నింపుతారు. కారణం కూడా ఉంది. మొక్కు తీర్చడానికి వచ్చేది పని అయినవాడే, కానివాడు క్యూలో కనపడడు. గుడి ముందు నిలబడి లెక్కపెడితే దేవుడు ఎప్పుడూ గెలుస్తాడు. ఇంకో జాగ్రత్త, బాగా చదివే పిల్లలే ఎక్కువగా వెళ్తున్నారేమో చూడాలి, లేకపోతే చదువు చేసిన పని పెన్ను ఖాతాలో పడుతుంది. పెన్ను వల్ల పిల్లాడికి చెయ్యి వణక్కుండా ఉంటే మంచిదే, కానీ అది ధైర్యం మీద పరీక్ష, దేవుడి మీద కాదు.

పాముకాటు దగ్గర ఇదే లెక్క ప్రాణాల మీదికి వస్తుంది. మంత్రం వేసేవాడి దగ్గర చాలామంది బతుకుతారు, అందులో అబద్ధం లేదు. కరిచిన పాముల్లో ఎన్నో విషం లేనివి. విషపాము కూడా కొన్నిసార్లు విషం దించకుండా కరుస్తుంది. బతికితే మంత్రం, చనిపోతే ఆలస్యంగా తెచ్చారు, మైలపడ్డారు. ఆ మంత్రం "కాదు" అని చెప్పే సందర్భమే లేదు. ఆసుపత్రిలో చేసేది చూడండి. పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి కదపకుండా 20 నిమిషాలు ఉంచుతారు. తర్వాత ఒంచితే గడ్డ కట్టకుండా జారిందా, రక్తపింజర వంటిదాని విషం ఎక్కిందని విరుగుడు మందు మొదలుపెడతారు. గడ్డ కట్టిందా, అంతటితో వదలరు, గమనిస్తూ మళ్లీ చేస్తారు. కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది కాబట్టి ఈ గొట్టంలో దొరకదు, కనురెప్పలు వాలుతున్నాయా అని చూడాలి. దేన్ని పట్టగలదో, దేన్ని పట్టలేదో ఆ గొట్టానికి ముందే రాసిపెట్టి ఉంది. మీ దేవుడి మీద మీరు పెట్టే పరీక్షకు అలాంటి రాత ఉందా అన్నదే అడగాల్సింది. చేలో పాము కరిస్తే దండం పెట్టుకోండి, పెట్టుకోకపోండి, బండి మాత్రం ఆసుపత్రికే తిప్పండి.

ఎందుకైనా మంచిది, నమ్మేస్తే పోలా అనేవాళ్ల బేరం ఒకటుంది. 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త పాస్కల్ పేరు మీద నడుస్తోంది. ఉంటే లాభం, లేకపోతే నష్టం లేదు అని. ఒకే దేవుడు తెలిసిన ఊళ్లో అది సరిపోయేది. మన ఊళ్లలో ఒకరిని నమ్మితే ఇంకొకరి దగ్గర పద్దు ఎర్రగా ఉంటుంది, ఎవరి మీద పందెం కాయాలో ఆ బేరం చెప్పదు.

ఎవరు ఏది ఎంచుకోవచ్చు

రుజువు కోసం కాదు, తోడు కోసం దేవుణ్ణి తలుచుకునేవారికి రెండో చోటు చక్కగా సరిపోతుంది. గజేంద్రుడు మొసలి నోట్లో కాలు పెట్టుకుని "కలడో లేడో" అని అనుమానిస్తూనే పిలిచాడు. అనుమానం వచ్చినంత మాత్రాన పిలుపు ఆగలేదు. లెక్క తేలందే ఏదీ మింగుడుపడనివారికి మూడోది. మొదటిదీ నాలుగోదీ ఎంచుకోవాలంటే, ఏ దేవుడి గురించి అన్నది ముందు రాసుకుని ఎంచుకోండి. మా మటుకు మేము, పనులు చేసే దేవుడి విషయంలో నాలుగో చోటికి బాగా దగ్గరగా, సృష్టికర్త విషయంలో మూడో చోట నిలబడతాం. ఒకే మనిషి రెండు ప్రశ్నలకు రెండు చోట్ల నిలబడితే తప్పేమీ లేదు.

ఏ చోట నిలబడితే మంచివాళ్లవుతారన్న బెంగ అక్కర్లేదు. రాజమండ్రిలో 1881లో వితంతు వివాహం జరిపించిన వీరేశలింగం నిరాకారుడైన ఏకేశ్వరుణ్ణి నమ్మాడు. కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడూ ఒకే దేవుణ్ణి విగ్రహం లేకుండా కొలిచే బ్రహ్మసమాజస్థుడే. అదే కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పిన నాస్తికోద్యమ నాయకుడు గోరా దేవుణ్ణి కాదని ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అంటరానితనం మీద మాత్రం వెంకటరత్నం నాయుడూ గోరా ఒకే వైపు నిలబడ్డారు.

ఇంట్లో చిక్కు వేరు. మాఘమాసంలో అమ్మ అడుగుతుంది:

"ఏరా, భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థానికి వస్తావా?"

"నేను నమ్మనని తెలుసు కదమ్మా."

"నమ్ముతావా అని అడిగానా? రథం దగ్గర జనంలో నన్ను పట్టుకోవడానికి వస్తావా అంటున్నాను."

ఇక్కడ ప్రమాణాలూ ఉపాధులూ అక్కర్లేదు. ఏ బస్సుకు బయల్దేరాలో అడగండి.